అంతోనిపేట ఆడపడుచు

మీకెన్నిసార్లు చెప్పానండీ, మే నెల ఎండలో ఆ వాగు వెంబడి తిరగొద్దని? విన్నారా? "ఇవాళ ఒక్కరోజే, సామ్రాజ్యం, ఆ తుమ్మచెట్ల అవతల ఒక్కసారి చూసొచ్చేస్తా" అన్నారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, బీపీ ఉంది, షుగరుంది, గొడుగు ఇంట్లోనే వదిలేసి గంపలగూడెం ఆటో ఎక్కేశారు. సాయంత్రానికి ఆటోలోనే తీసుకొచ్చారు మిమ్మల్ని. తుమ్మచెట్టుకి వీపు ఆనించి కూచున్నట్టే ఉన్నారంట. గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళు చూసి, కునుకు తీస్తున్నారనుకుని పక్కనుంచే వెళ్ళిపోయారంట.

ఏడాదిన్నర దాటింది. నాకింకా మింగుడు పడట్లేదండీ.

సరే, ఉండండి. ముందు ఈ ఆకులు ఊడవనివ్వండి. సమాధుల పండక్కి వేయించిన సున్నం అప్పుడే పెచ్చులూడిపోయింది చూశారా? నీళ్ళలాగా కలిపి పూసేసి పోయాడు. మీరుంటే ఊరుకునేవారా? పక్కన నిలబడి రెండు పూతలు వేయించేవారు.

ఇటు మామయ్యగారు, అటు మీరు. రాయప్ప, శౌరయ్య. తండ్రీకొడుకులిద్దరూ పక్కపక్కనే పడుకున్నారు. మీకేం, హాయిగా ఉన్నారు. మాట్లాడాల్సింది నేను, జవాబు చెప్పుకోవాల్సింది నేను.

మామయ్యగారూ, మీరూ వినండి. మిమ్మల్ని ఏమన్నా అనడానికి రాలేదు. నేనెవరిని అనడానికి?

విషయమేంటంటే, మొన్న ఆదివారం మీ రాయి పెట్టారండీ. అదే, మన ఆరాధన చేయించిన రాయి. మీ కూతురు మీలాగే కదా, ఒకటి అనుకుంటే అయ్యేదాకా ఊరుకోదు. బడికి సెలవు పెట్టి మరీ తిరిగింది. నల్ల గ్రానైటు, నడుమెత్తు ఉంది. పైన సిలువ, కింద అక్షరాలు. "అంతోనిపేట. 1924లో అంతోనయ్య గారు స్థాపించగా 1943 వరదలో కొట్టుకుపోయిన పల్లె. ఈ చరిత్రను వెలికితీసిన మనుమడు శౌరయ్య జ్ఞాపకార్థం."

మీరు ఆఖరికి కూచున్న ఆ తుమ్మచెట్టు పక్కనే పెట్టారు. వాగు ఒడ్డున.

ఎంతమంది వచ్చారనుకున్నారు! రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు. మీ డిపో వాళ్ళు ఆరుగురొచ్చారు. ఫాదర్ గారు ప్రార్థన చేసి తీర్థం చల్లారు. మన గుడి పెద్ద అంతోనిపేట కథంతా మైకులో చెప్పాడు. "వరద మెడల దాకా వచ్చినా రాయప్ప గారు చెల్లెలి చెయ్యి వదల్లేదు సోదరులారా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

రాయి మీద గుడ్డ నా చేత తీయించారండీ.

తీశాను. చప్పట్లు కూడా కొట్టాను.

ఏం చెయ్యమంటారు? అక్కడ నిలబడి అది కాదని చెప్పమంటారా?

ఆ కథ నాకు కొత్తా? పెళ్ళై వచ్చిన వారానికే విన్నాను, మామయ్యగారి నోటినుంచే. మీ తాత అంతోనయ్య గారు ఒక ఆసామి దగ్గర పాలేరంట. పండగ రోజు పూజకెళ్ళి పొద్దెక్కి వచ్చాడని ఆసామి చర్నాకోల తీసి కొడితే, వాచిన చేత్తోనే పార పట్టుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని బంజర్లోకి నడిచాడంట. పొదలు కొట్టాడు. గుడిసె వేశాడు. నుయ్యి తవ్వడం మొదలెట్టాడు. ఆయన తవ్వుతుంటే మీ నాయనమ్మ నిండు కడుపుతో మట్టి మోసిందంట. నీళ్ళు పడిన నెలకే మామయ్యగారు పుట్టారంట. ఆ నూతి నీళ్ళతోనే జ్ఞానస్నానం.

నీళ్ళుంటే మనుషులొస్తారుగా. నాలుగిళ్ళు వచ్చాయి, తర్వాత ఏడయ్యాయి, పదకొండయ్యాయి. మధ్యలో తాటాకు గుడి. పునీత అంతోనివారి పండక్కి ఊరంతటికీ మీ తాత ఇంట్లోనే వంట. ఆ బంజర్లో ఒకరి కింద పనిచెయ్యని మనుషులు పంతొమ్మిదేళ్ళు బతికారు. అది చెప్పేటప్పుడు మామయ్యగారి గొంతు ఎలా ఉండేదో గుర్తుందా? వీపు నిటారుగా పెట్టుకుని చెప్పేవారు.

ఆ తర్వాత గొంతు పడిపోయేది. "వాగు పొంగిందమ్మా. ఊరు పోయింది. నాన్న పోయాడు. చెల్లెలు పోయింది. చెయ్యి జారిపోయింది" అనేవారు. అంతే. ఇంకో మాట అడిగితే లేచి బయటికెళ్ళిపోయేవారు.

చెల్లెలి పేరు కూడా చెప్పలేదు ఎప్పుడూ. మనం కూడా అడగలేదు, బాధపడతారని.

మీరేమో కండక్టరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ ఊరినే మోసుకు తిరిగారు. విస్సన్నపేట బస్సులో ముసలివాళ్ళెవరన్నా ఎక్కితే చాలు, "అంతోనిపేట విన్నారా అండీ ఎప్పుడన్నా?" అని అడిగేవారు. బస్సు ఖాళీగా ఉంటే "అంతోనిపేట దిగేవాళ్ళున్నారా, అంతోనిపేట!" అని కేకేసి మీలో మీరే నవ్వుకునేవారంట. మీ డ్రైవరు చెప్పాడు నాకు. మొన్న ఆ మాటే మైకులో చెప్పబోయి ఏడ్చేశాడు పాపం.

రిటైరయ్యాక ఇంక పట్టపగ్గాల్లేవు. రెవెన్యూ ఆఫీసుకెళితే, శివారు పల్లెలకి రికార్డుండదు పొమ్మన్నారు. మీరు డీలా పడలేదు. గుడిలో పాత జ్ఞానస్నానాల పుస్తకం తీయించారు. చెదలు కొట్టేసిన కాయితాలు, లాటిన్ రాతలు. ఫాదర్ గారు ఒక్కో పేరే చదివి చెబుతుంటే మీరు నోటుబుక్కులో రాసుకున్నారు. అంతోనిపేట, అంతోనిపేట, అంతోనిపేట. ముప్పై ఎనిమిది పేర్లు. 1943 తర్వాత ఒక్కటీ లేదు.

ఆరోజు ఇంటికి ఎలా వచ్చారండీ మీరు! చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేశారు. "మా మేనత్త పేరు జ్ఞానమణంట సామ్రాజ్యం! జ్ఞానమణి! ఎంత బాగుందో చూడు!" అన్నారు. పన్నెండు నెలలూ నవ్వని మనిషి, చిన్నపిల్లాడిలాగా నవ్వారు.

అప్పట్నుంచి వాగే. వరద కొట్టుకెళ్ళిన ఊరు కదా, వాగు ఒడ్డునే ఉంటుందని మీ లెక్క. పదకొండేళ్ళు. గంపలగూడెం దగ్గర మొదలెట్టి ఎగువకి, దిగువకి, అటు ఒడ్డు, ఇటు ఒడ్డు. ఒక పెంకు ముక్క దొరికితే సంచిలో వేసుకొచ్చి కడిగి కిటికీలో పెట్టేవారు. "ఇది మా నాయనమ్మ కుండ అయ్యుంటుంది" అనేవారు. ఆ పెంకులన్నీ ఇంకా అక్కడే ఉన్నాయండీ. తియ్యలేదు నేను.

అది కాదు, నాకు తెలీకడుగుతాను, మీకెప్పుడూ అనుమానం రాలేదా? మామయ్యగారు గొళ్ళెం పెట్టనిచ్చేవారా మన ఇంట్లో?

నేను కొత్త కోడల్ని. స్నానాలగదికి గొళ్ళెం లేదు. పడగ్గదికి గొళ్ళెం లేదు. ఎంత సిగ్గుగా ఉండేదో! మీతో చెప్పించి ఒకటి కొట్టించాను చూడండి, ఆరోజు మామయ్యగారు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున చూస్తే మేకులతో సహా ఊడబీకేసి ఉంది. "తలుపు దగ్గరగా వేసుకోండమ్మా, ఎవరూ రారు. నేను కాపలా కూచుంటా" అన్నారు. వానాకాలంలో కూడా ఆ అరుగు మీదే పడుకునేవారు. మీరేమో "వరదలో ఇంట్లో ఇరుక్కుపోయాడు కదా, భయం పట్టుకుంది" అని సర్దిచెప్పేవారు.

వరద కాదండీ.

ఉండండి, కంగారు పడకండి. వరసగా చెప్తాను. వరసగా చెప్పకపోతే నాకే ధైర్యం చాలదు.

రాయి పెట్టిన మర్నాడు, సోమవారం, ఆరాధన బడికెళ్ళాక నేనొక్కదాన్నే ఆటో ఎక్కాను. వినగడప దాటాక దిగి, వాగు వైపు కాదు, దానికి ఎదురు వైపు నడిచాను. మెరక మీదికి. రెండు మైళ్ళుంటుంది. మోకాళ్ళు పట్టేశాయి. నల్లరాతి గుట్ట ఒకటుంది, దాన్ని ఆనుకుని ఇప్పుడంతా పామాయిల్ తోట. లోపల ఒకావిడ మట్టలు లాగుతోంది. "ఇక్కడ పాత నుయ్యి ఏమన్నా ఉందా అమ్మా?" అనడిగాను.

"అంతోని నుయ్యా?" అంది.

అలాగే అందండీ. "ఎందుకంటారమ్మా ఆ పేరు?" అంటే, "ఏమోనమ్మా, మా అత్త అలాగే అనేది, మేమూ అలాగే అంటున్నాం" అంది.

తీసుకెళ్ళి చూపించింది. సగం పూడిపోయింది. ఎండుమట్టలు పడేస్తున్నారు అందులో. కానీ రాతికట్టు అలాగే ఉందండీ, చెక్కుచెదరలేదు. పైవరసలో ఒక రాయి మీద సిలువ చెక్కుంది, బెత్తెడు. మీ తాత చెక్కిందే అయ్యుంటుంది. వేలు పెట్టి రాసి చూశాను. చుట్టూ చెట్ల మొదళ్ళలో అక్కడక్కడా గోడల పునాదులు. లెక్కపెట్టాను, ఏడు దొరికాయి. మిగతావి తోటలో కలిసిపోయి ఉంటాయి.

మీరు పదకొండేళ్ళు వెతికింది, నేను అరగంటలో చూసొచ్చాను.

అక్కడ వాగెక్కడుందండీ? కనుచూపు మేరలో లేదు. ఏ వరదొస్తుంది ఆ మెరక మీదికి?

నాకెలా తెలిసిందని అడగరేం? అడగండి. ఎప్పట్నుంచి తెలుసని అడగండి.

మీరు రిటైరైన ఏడాదే తెలుసండీ. మీరు ఆ పుస్తకంలో పేర్లు రాసుకొచ్చిన వారంలోనే.

విస్సన్నపేటలో కంటి శిబిరం వేశారు, గుర్తుందా? మా ఏఎన్నెంలందరికీ డ్యూటీ వేశారు. నేను పేర్లు రాసే బల్ల దగ్గర కూచున్నాను. ముసలివాళ్ళు వరసలో వస్తున్నారు. ఒకావిడ వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో కర్ర. మొహం నిండా మశూచి మచ్చలు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదానికి పొర కమ్మింది.

పేరేంటమ్మా అంటే ముత్యాలమ్మ అంది. తండ్రి పేరు అంటే అంతోనయ్య అంది. నేను తలెత్తాను. ముత్యాలమ్మేంటి, అంతోనయ్యేంటి? "పుట్టిన ఊరు?" అన్నాను. ఆవిడ నవ్వింది. "అది ఇప్పుడు లేదులే తల్లీ. ఏదో ఒకటి రాసుకో. అంతోనిపేట అనేవోళ్ళు" అంది.

ఆ పేరు రాయకుండా పెన్నుకి మూత పెట్టేశానండీ.

బల్ల దగ్గర ఇంకొకరిని కూచోబెట్టి, ఆవిణ్ణి చెట్టుకిందకి తీసుకెళ్ళాను. టీ ఇప్పించాను. "ఆ ఊరేమైందమ్మా?" అన్నాను. ఎవరో అడిగేదాకా డెబ్బై ఏళ్ళు ఆగినట్టు చెప్పుకుపోయిందావిడ.

మశూచి వచ్చిందంట. ఊరంతా. ముందు పిల్లలు పోయారంట, తర్వాత పెద్దవాళ్ళు. మీ తాత పోయిన రెండోరోజున ఆ పిల్లకి సోకింది. పదమూడేళ్ళు. ఒళ్ళంతా సందు లేకుండా పొక్కులు పోశాయంట. మిగిలినవాళ్ళు ఊరు వదిలేసి పోదామని మూటలు కట్టుకున్నారు. పిల్ల కదిలే స్థితిలో లేదు. తలదగ్గర ముంతలో నీళ్ళు పెట్టారంట. కళ్ళు మూసుకుపోయాయి గానీ చెవులు వినబడుతున్నాయిగా. బయట మాట్లాడుకుంటున్నారంట, సాయంత్రం దాకా ఉండదు, తలుపేసెయ్ రాయప్పా, నక్కలు దూరతాయి అని.

"మా అన్న గొళ్ళెం పెట్టాడమ్మా. నేను అన్నా అన్నా అంటానే ఉన్నా. గొళ్ళెం పడిన చప్పుడు ఇనపడింది" అంది ఆవిడ.

మామయ్యగారూ, వింటున్నారా? పద్దెనిమిదేళ్ళు మీకప్పుడు. పెద్దవాళ్ళు చెప్పారు, మీరు చేశారు. నక్కలు పీక్కుతినకుండా ఉండాలనే పెట్టుంటారు. నాకు తెలుసు. మీ అమ్మని భుజాన వేసుకుని నడిచి ఉంటారు. వెనక్కి తిరిగితే కాళ్ళు ఆడవని తిరక్కుండా పోయుంటారు. ఎవరన్నా తప్పన్నారా మిమ్మల్ని? ఆ పిల్ల చచ్చిపోతుందనుకున్నారు. చచ్చిపోయిందనే అనుకుని యాభై ఐదేళ్ళు అరుగు మీద పడుకున్నారు.

చావలేదండీ ఆవిడ.

మూడోరోజో నాలుగోరోజో, తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ ఒక ముసలాయన వచ్చాడంట. ఆయనకి ఎప్పుడో మశూచి వచ్చి పోయింది, భయం లేదు. లోపల మూలుగు వినబడి గొళ్ళెం తీశాడు. భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళితే వాళ్ళావిడ వేపాకు నీళ్ళతో కడిగిందంట. అమ్మవారు ముత్యాలు పోసి వదిలిపెట్టిందని ముత్యాలమ్మని పిలిచారు. వాళ్ళ కొడుకుకే చేసుకున్నారు. విస్సన్నపేట అవతల రోడ్డు పక్క ఊరే. మీ బస్సు ఆగే ఊరే. మీ బస్సులో ఎన్నిసార్లు ఎక్కి ఉంటుందో, మీ చేత్తో ఎన్ని టికెట్లు కొట్టిచ్చి ఉంటారో! అంతోనిపేట తెలుసా అని ఆవిణ్ణొక్కదాన్నీ అడగలేదేమోనండీ మీరు. మొహం చూసి జాలిపడి, ముందు సీటు ఇప్పించి ఊరుకుని ఉంటారు.

ఆ నుయ్యి, ఆ నల్లరాతి గుట్ట, వాగుకి ఎంత దూరం, అన్నీ ఆవిడే చెప్పింది. నన్ను ఇంకో మాట కూడా అడిగింది. అది చెప్తాను. చెప్పడానికే వచ్చాను. కొంచెం ఆగండి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మీరు మామయ్యగారి ఫొటో ముందు కొవ్వొత్తి వెలిగించి కూచున్నారు. ఆ నోటుబుక్కు ఫొటో కింద పెట్టారు. "నాన్నా, చెల్లెలి పేరు దొరికింది నాన్నా" అంటున్నారు ఫొటోతో. నాకు నోరెలా వస్తుందండీ? ఆ ఫొటోలో మనిషి ఆ పిల్ల మీద గొళ్ళెం పెట్టాడని ఎలా చెప్పను? రేపు చెప్దాంలే అనుకున్నాను.

రేపు ఆదివారమైంది. ఆదివారం పోయి తపస్సు కాలం వచ్చింది, పండగలొచ్చాయి. ఆరాధనకి కాన్పు వచ్చింది. ఏడాది గడిచాక చెబితే, ఏడాది ఎందుకు దాచావంటారు కదా. ఆ భయం ఒకటి మొదలైంది.

చెప్పబోయాను, చెప్పలేదంటే ఒప్పుకోను. ఒకసారి అన్నం వడ్డిస్తూ, "వాగు ఒడ్డు వదిలేసి కాస్త మెరక మీద చూడకూడదూ? మామయ్యగారు చిన్నతనంలో చూసింది, పొరపాటు పడ్డారేమో" అన్నాను. మీరు కంచం తోసేశారు. "మా నాన్న కళ్ళముందు చెల్లెలు కొట్టుకుపోతే పొరపాటు పడతాడా? మా నాన్న అబద్ధం చెప్పాడంటావా?" అన్నారు. రెండురోజులు నాతో మాట్లాడలేదు. నలభై ఏళ్ళ కాపురంలో మీరు కంచం తోసింది ఆ ఒక్కసారే. ఇంక నేను నోరెత్తలేదు.

ఆ కంటి శిబిరం అయిన నాలుగేళ్ళకనుకుంటా, మనిద్దరం బస్సులో వస్తున్నాం. మీరు కిటికీ పక్కన కూచున్నారు. ఆ ఊళ్ళో బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఫ్లెక్సీ కట్టారు. ముత్యాలమ్మ గారి పెద్దకర్మ. ఫొటో పెద్దది వేశారు, మచ్చల మొహం, ఒంటికన్ను, నవ్వుతోంది. కింద కొడుకులు, కోడళ్ళు, మనవలు, మునిమనవలు, వరసగా పేర్లు. మీరు చదివారు. "ఎనభై ఆరేళ్ళంట సామ్రాజ్యం. నిండు జీవితం. పెట్టిపుట్టింది పెద్దావిడ" అన్నారు.

మీ మేనత్తండీ ఆవిడ. మీ జ్ఞానమణి. మీకూ ఆవిడకీ మధ్య ఒక అద్దం ఉంది, అంతే. నేను మీ పక్కనే కూచుని ఔనన్నాను. చెంగు నోట్లో పెట్టుకుని కూచున్నాను. దుమ్మొస్తోందా, కిటికీ వెయ్యనా అని మీరే అడిగారు.

ఇంక ఆవిడే లేకపోయాక చెప్పి ఏం చెయ్యను? మిమ్మల్ని చంపుకోవడం తప్ప. వాగు వెంబడి తిరుగుతూ సంతోషంగానే ఉన్నారు కదా, తిరగనీ అనుకున్నాను. పెంకులేరుకుంటూ సంతోషంగానే ఉన్నారు కదా. కాదా? మీరే చెప్పండి.

లేదులెండి. అలా అనుకుంటే నాకు నిద్ర పడుతుందని అనుకున్నాను. ఆ ఎండలో మిమ్మల్ని తిప్పింది నేను. మీ నాన్నగారి అబద్ధం కాదు. ఆయన భయంతో ఆడిన అబద్ధం ఆయనతోనే పోయేది. దాన్ని పదకొండేళ్ళు బతికించింది నేను.

ఆరాధనకి చెప్పాలా అంటారా? రాయి చెక్కించేసింది. చదివినవాళ్ళు నమస్కారం పెట్టి వెళ్తున్నారు. చెప్తాను. చెప్పాలి. ఆ ఫ్లెక్సీ మీద అన్ని పేర్లున్నాయి, వాళ్ళంతా దానికి బంధువులు. ఎప్పుడు చెప్తానో మాత్రం అడక్కండి.

ఇది కూడా కాదండీ అసలు మాట. ఇదంతా మీరు క్షమిస్తారు. నాకు తెలుసు మీ మనసు. రెండురోజులు మాట్లాడరు, మూడోరోజు "కాఫీ పెట్టు" అంటారు.

ఆ చెట్టుకింద ఆవిడ టీగ్లాసు పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "ఊరి పేరు ఇనంగానే నీ గొంతు మారిందమ్మా. మావోళ్ళెవరన్నా నీకు ఎరికేనా? మా అన్న రాయప్ప ఉన్నాడా?" అంది.

"విన్నానమ్మా. తిరువూరులో ఉండేవారు. పోయి చాలాకాలమైంది" అన్నాను.

ఆవిడ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత అడిగింది. "పిల్లలున్నారా వాడికి? ఒక్కసారి చూడాలనుందమ్మా. ఏమీ అడగను. ఆపరేషనైతే కన్నొస్తుందంటున్నారు గదా. ఒక్కసారి మొహం చూసి వచ్చేస్తా" అంది.

నాకు ఒకటే కనబడిందండీ. ఆవిడ కర్ర పట్టుకుని మన గుమ్మంలోకి వస్తుంది. మీరు నీళ్ళిచ్చి కూచోబెడతారు. ఆవిడ ఆ గొళ్ళెం సంగతి చెప్తుంది. మీరు ఫొటో వైపు చూస్తారు.

"లేరమ్మా. పిల్లల్లేరు ఆయనకి" అన్నాను.

అలా ఎలా వచ్చిందో నోట్లోంచి. మీరు లేరని చెప్పానండీ. బతికున్న మొగుణ్ణి, ఇంట్లో కూచుని ఆవిడ పేరే తల్చుకుంటున్న మిమ్మల్ని, లేరని చెప్పాను.

అక్కడితో అయిపోతే నేనివాళ ఇక్కడికి వచ్చేదాన్నే కాదు. ఆవిడ గుండె మీద కొట్టుకుందండీ. "తగిలిందే! నా తిట్టు తగిలిందే!" అని ఏడ్చింది. "ఆ చీకట్లో దాహమై, నొప్పికి తాళలేక తిట్టానమ్మా. నీ వంశం నిలవదురా అన్నా అని తిట్టాను. చిన్నపిల్లని, తెలీక తిట్టాను. వాడి కడుపున కాయ కాయకుండా చేశానే" అని ఆ ఒంటికంటితో ఏడ్చింది. తలుపేసి పోయిన అన్న కోసం ఏడ్చిందండీ ఆ తల్లి!

అప్పుడన్నా చెప్పొచ్చు కదా నేను. బల్ల దగ్గర్నుంచి పిలుస్తున్నారు. చీటీ రాసి ఆవిడ చేతిలో పెట్టి, లోపలికి పంపించేశాను.

ఇంకో నాలుగేళ్ళు బతికింది. మనవల్ని ఒళ్ళో కూచోబెట్టుకున్నప్పుడల్లా, అన్నకి లేకుండా చేశానని అనుకునే ఉంటుంది. అనుకుంటూనే పోయుంటుంది.

ఉన్నాడమ్మా, నీ అన్నకి కొడుకున్నాడు అనడానికి ఎంతసేపు పట్టేదండీ నాకు?